రాళ్ళు పడ్డాయన్న మాట

నేను పాథాలజీ తీసుకున్నప్పుడు మా అమ్మ చాలా సంతోషించింది. వేళకాని వేళ తలుపు తట్టేవాళ్ళుండరు, రక్తం ఓడుతున్న మనిషిని మోసుకుని ఎవరూ రారు, అసలు రోగి మొహమే చూడనక్కర్లేదు, ఆడపిల్లకు ఇంతకంటే హాయైన డాక్టరీ ఏముంటుందని ఆమె ధీమా. కొన్నేళ్ళు నేనూ అలాగే అనుకున్నాను. ఇప్పుడు పాథాలజీలో చేరుతున్న పిల్లలు కూడా అలాగే అనుకుంటున్నారని విని ఇది రాస్తున్నాను.

ఎప్పుడు ఏ ప్రమోషన్ వచ్చిందో, ఏ ఊరికి బదిలీ చేశారో నేను రాయను. వాటిని చదివి ఎవరూ బాగుపడరు. తిరుపతిలో ఒక పెద్దాసుపత్రిలో పనిచేశానని తెలిస్తే చాలు. మరొకటి కూడా తెలియాలి. నేను భయస్థురాలిని. రిపోర్టు మీద సంతకం పెట్టి పంపేశాక, మళ్ళీ ఆ స్లైడు తెప్పించుకుని చూసే జబ్బు నాకుంది. పుట్టుకతో వచ్చింది కాదు. డెబ్బైల చివర్లో ఒక వారంలో పట్టుకుంది.

తినేవాళ్ళు

ముందు ఒక కణం గురించి చెప్పాలి. ఎముక అంటే రాయిలాగా ఒకసారి తయారై అలాగే ఉండిపోతుందని జనం అనుకుంటారు. నిజానికి మనం బతికున్నన్నాళ్ళూ కొన్ని కణాలు ఎముకను కరిగిస్తూ ఉంటాయి, వాటి వెనకాలే ఇంకొన్ని కణాలు వచ్చి కొత్త ఎముక పోస్తూ ఉంటాయి. గోడకు కొత్త పూత వేసే ముందు మేస్త్రి పాత పూత గీకేస్తాడు కదా, అదే పని. గీకే కణం పేరు ఆస్టియోక్లాస్టు. మైక్రోస్కోపులో దాన్ని గుర్తుపట్టడానికి పెద్ద చదువు అక్కర్లేదు. చుట్టూ ఉన్న కణాల మధ్య భారీగా కూర్చుని, లోపల సీతాఫలం గింజల్లా పదీ ఇరవై కేంద్రకాలతో కనబడుతుంది. మా టెక్నీషియన్ మునిరత్నం వీటికి 'తినేవాళ్ళు' అని పేరు పెట్టాడు. అతను ఏర్పేడు నుంచి రోజూ బస్సులో వచ్చేవాడు, స్లైడ్లు తయారు చేయడంలో అతనికి సాటి లేరు. ఆ పేరు మా డిపార్ట్‌మెంటులో అందరికీ అలవాటైపోయింది.

తినేవాళ్ళ విలువ నాకు తెలిసింది నేను చేరిన మొదటి ఏడాదిలో, ఒక పసిబిడ్డ వల్ల. ఎనిమిది నెలల పాప. పాలిపోయి, కడుపు ఉబ్బి ఉంది. ఎక్స్‌రేలో ఎముకలు సుద్దముక్కల్లా తెల్లగా, మధ్యలో గుల్ల అన్నదే లేకుండా వచ్చాయి. తుంటి ఎముక నుంచి చిన్న ముక్క తీసి మాకు పంపారు. అందులో తినే కణాలు ఉన్నాయి గానీ ఎముక జోలికే పోవడం లేదు. పాత ఎముక కరగకపోవడంతో రక్తం తయారయ్యే మూలుగకు లోపల చోటే మిగల్లేదు. ఆ పాప రెండు నెలలు కూడా బతకలేదు.

ఆ స్లైడు చూపిస్తూ మా ప్రొఫెసర్ నరసింహులుగారు ఒక మాటన్నారు. ఆయనది మదనపల్లె వైపు, ఎంత చదివినా యాస వదల్లేదు.

"ఈళ్ళను సూసి దొంగలనుకోవద్దమ్మా. ఈళ్ళు లేకపోతే ఎముకే లేదు. యాడన్నా గుంపుగా కనపడినారంటే, ఈళ్ళను ఎవురు పంపినారని అడుగు."

నేను నోటుపుస్తకంలో రాసుకున్నాను. రాసుకుని, మరిచిపోయాను.

బెల్లం మడ్డి

ఆ తర్వాత మూడు నాలుగేళ్ళకు, ఒక శనివారం నాడు ఎముకల వార్డు నుంచి ఒక సీసా వచ్చింది. చెంగమ్మ, ముప్ఫై అయిదేళ్ళు, ఎడమ మోకాలి కింద ఎముకలో గడ్డ. సీసాతో పాటు వచ్చిన ఫారం మీద హౌస్ సర్జన్ రెండే ముక్కలు రాశాడు. ఆరు నెలలుగా నొప్పి, వాపు. అంతకు ముందు కాలి మీద రాళ్ళు పడ్డాయి.

గుట్టల పక్క ఊరు, వ్యవసాయం పని. రాళ్ళు పడటంలో వింతేముంది అనుకున్నాను. ఎముకలో గడ్డ వచ్చిన ప్రతివాళ్ళూ ఏదో ఒక దెబ్బ గుర్తు చేసుకుంటారు.

మునిరత్నం సీసాలోది పళ్ళెంలోకి వంచి, "బెల్లం మడ్డి మాదిరి ఉండాదే మేడమ్" అన్నాడు. చిత్తూరు జిల్లా మనిషికి ఆ రంగు చెప్పడానికి అంతకంటే మంచి మాట దొరకదు. గానుగ దగ్గర పెనం అడుగున మిగిలే మడ్డి లాగానే ఉంది, ముదురు గోధుమ రంగు. ఆ రంగును నేను పట్టించుకోలేదు.

సోమవారం స్లైడు చూశాను. నిండా తినేవాళ్ళే. ఇంతమంది ఒకచోట ఉంటే జయింట్ సెల్ ట్యూమర్, అంటే పెద్ద కణాల గడ్డ అని ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది. మోకాలి దగ్గర, ఈ వయసులో వచ్చేదీ అదే. ఒక చిన్న పేచీ మాత్రం ఉంది. అసలు గడ్డలో ఈ కణాలు పొలంలో నాటినట్టు సమానంగా పరుచుకుంటాయి. చెంగమ్మ స్లైడులో గుంపులు గుంపులుగా, పాత రక్తం మరకల చుట్టూ మూగి ఉన్నాయి. నేను ఒక నిమిషం ఆగాను. ఆగినట్టు నాకు బాగా గుర్తుంది, అందుకే దాన్ని తెలియక చేసిన తప్పని చెప్పుకోలేను. బల్ల మీద ఇంకా పద్దెనిమిది స్లైడ్లున్నాయి. జయింట్ సెల్ ట్యూమర్ అని రాసి సంతకం పెట్టాను.

సున్నపు డబ్బీ

బుధవారం మధ్యాహ్నం మూడు గంటలప్పుడు మా డిపార్ట్‌మెంటు గుమ్మంలో ఒకాయన తువ్వాలు చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. మా దగ్గరికి మనుషులు రారు. సీసాలే వస్తాయి. దారి తప్పాడేమోనని, ఎవరు కావాలని అడిగాను.

"చెంగమ్మ ఇంటాయన్నమ్మా, మునస్వామి. రేపు పొద్దున ఆమెకు కాలు తీసేస్తారంట. తీసేసిన కాలు ఈడికే వస్తాదని వార్డులో చెప్పినారు."

కాలు తీసేస్తారని నాకు తెలియదు. అంత పెద్ద గడ్డ, కీలు దాకా వచ్చింది, గీకితే మళ్ళీ వస్తుంది, మోకాలి పైన తీసేయడం మేలని సర్జన్ నిర్ణయించారట. నా కాగితం చూసి నిర్ణయించారు.

"ఆ కాలు మాకు ఇచ్చేయండమ్మా" అన్నాడు మునస్వామి. "మా చేనికాడ పూడ్చుకుంటాం. రేప్పొద్దున మనిషి పోయినాక ఆమెనీ ఆడే పెట్టల్ల గదా. కాలొక తావ, మనిషొక తావ ఉండకూడదు."

అది మా వైపు మామూలే. తీసేసిన అవయవాన్ని అడిగి తీసుకుపోతారు. ఇలాంటప్పుడు ఏం మాట్లాడాలో నాకు తెలియదు, రోగుల బంధువులతో మాట్లాడి ఎరగను. ఏదో ఒకటి అనాలని, "ఎంత పెద్ద రాళ్ళు పడ్డాయి పాపం?" అన్నాను.

"పెద్దవేం కాదమ్మా, శెనగ్గింజంత. ఏడాదిలో మూడు పడినాయి."

"శెనగగింజంత రాయి పడితే కాలికేమవుతుంది?"

ఆయన నావైపు విచిత్రంగా చూశాడు. "కాలి మింద యాల పడతాయమ్మా? ఉచ్చలో పడినాయి."

బొడ్లోంచి సున్నపు డబ్బీ తీశాడు. తమలపాకులకు సున్నం పెట్టుకునే చిన్న అల్యూమినియం డబ్బీ. మూత తీస్తే లోపల దూదిలో గరుకుగా, పసుపు తిరిగిన రాయి ఒకటుంది. "డాక్టర్లకు సూపిద్దామని తెచ్చినా. ఎవురూ అడగలా. పడేటప్పుడు గిలగిల కొట్టుకునిందమ్మా. దానికి ముందునించే ఆమెకు ఒళ్ళంతా నొప్పులు, ఊరికే దాహం. కడవ నీళ్ళు తాగతాది."

హౌస్ సర్జన్‌ది కోస్తా. రాళ్ళు పడినాయి అని చెంగమ్మ అంటే, పడేవి పైనుంచే పడతాయని అనుకున్నాడు. కాలు వాచి ఉంది కాబట్టి కాలి మీద అని తనే కలిపాడు. అతన్ని తిట్టే హక్కు నాకు లేదు. మా అమ్మమ్మకు రాళ్ళు పడ్డప్పుడు మా ఇంట్లోనూ అదే మాటన్నారు. ఆ మాట పుట్టిన జిల్లాలోనే పుట్టిన నేను, ఫారం మీద చదివి కూడా అడగలేదు.

సున్నపు డబ్బీ నా చేతిలో ఉండగానే అన్నీ ఒక్కసారి కలిశాయి. మెడలో థైరాయిడ్ వెనక కందిగింజంత గ్రంథులు నాలుగుంటాయి. తినేవాళ్ళకు హుకుం వెళ్ళేది అక్కడి నుంచే. వాటిలో ఒకటి పెరిగిందంటే హుకుం ఆగదు. ఒంట్లో ప్రతి ఎముకా కరుగుతుంది. ఎక్కడో ఒకచోట తినేవాళ్ళు మరీ మూగి, రక్తం కారి, గోధుమ రంగు గడ్డ కడుతుంది. కరిగిన కాల్షియం రక్తంలో నిండి, మూత్రంలోకి దిగి రాళ్ళవుతుంది. మైక్రోస్కోపులో ఈ గడ్డకూ జయింట్ సెల్ ట్యూమర్‌కూ తేడా పోల్చడం కష్టం. కానీ దీనికి కాలు తీయనక్కర్లేదు. మెడలో గ్రంథి తీస్తే చాలు, ఎముక దానంతటదే పూడుతుంది.

ఎవరు పంపారని నేను అడగలేదు.

బోరు నీళ్ళు

ఉద్యోగంలో చేరాక మొదటిసారి ఆ రోజు వార్డుకు వెళ్ళాను. చెంగమ్మ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. సన్నటి మనిషి, మంచం పక్కన రెండు కూజాలు. నేను చేతిలో సిరంజితో కనిపించేసరికి, "ఇంకా యాల సూదులు? రేపు ఎట్లా తీసేస్తారు గదా" అంది. నేను ఆమె చేతికి రబ్బరు పట్టీ కట్టాను. పొరపాటున ఆశ పెట్టి, అది నిజం కాకపోతే ఏం చేయాలి?

రక్తంలో కాల్షియం తేల్చడమంటే ఆ రోజుల్లో మీట నొక్కే పని కాదు. ఆక్సలేటు అనే రసాయనంతో దాన్ని అడుగుకు దింపి, కడిగి, ఆమ్లంలో కరిగించి, పర్మాంగనేటు చుక్క చుక్కగా పోస్తూ గులాబీ రంగు నిలిచే చుక్క కోసం కళ్ళు చిట్లించుకుని చూడాలి. బయోకెమిస్ట్రీ లాబ్‌లో శాంతకుమారి అనే టెక్నీషియన్‌ను బతిమాలి కూర్చోబెట్టాను. సాయంత్రం ఆరింటికి ఫలితం వచ్చింది. పద్నాలుగు. పదకొండు దాటితేనే ఎక్కువ.

నేను కుర్చీలోంచి లేవబోతుంటే శాంతకుమారి మొహం పక్కకు తిప్పుకుంది. "మేడమ్, ఒక మాట. డిస్టిల్డ్ వాటర్ అయిపోయిండాది. పొద్దున ట్యూబులు బోరు నీళ్ళతోనే కడిగినారు."

తిరుపతి బోరు నీళ్ళ సంగతి అక్కడ కాపురం చేసినవాళ్ళకు తెలుసు. బిందె లోపల తెల్లగా పెచ్చు కడుతుంది. ఆ పెచ్చు కాల్షియమే. ఆ పద్నాలుగులో చెంగమ్మ రక్తానిది ఎంత, బోరుది ఎంత? మళ్ళీ చేయాలంటే నీళ్ళు మరిగించి డిస్టిల్ చేయాలి, ట్యూబులు కడిగి ఆరబెట్టాలి, తెల్లవారితే గానీ కాదు. తొమ్మిదింటికి ఆపరేషన్, మొదటి కేసు ఆమెదే.

స్లైడు పట్టుకుని నరసింహులుగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన చాలాసేపు చూశారు. ఆయనకూ అనుమానం వచ్చిందని భుజాలు చూస్తేనే తెలిసింది. తల ఎత్తి మాత్రం వేరే మాట అన్నారు.

"రిపోర్టు వెనక్కి తీసుకుంటే రేపట్నించి మన కాగితాన్ని ఎవురు నమ్ముతారు? ట్యూబులు కడిగింది బోరు నీళ్ళతో అంటాండావు. సరైన రిజల్టు రానీ."

"అది వచ్చేలోపల కాలు పోతుంది సార్."

"అట్లయితే నీ పేరు మింద నువ్వు రాసుకోమ్మా. నేను అడ్డం రాను."

అడ్డం రాకపోవడాన్ని సాయం అనుకునే బాసులు మీకూ దొరుకుతారు. వాళ్ళ మీద కోపంతో సమయం పాడుచేసుకోకండి. ఈ కేసును ఆయన రిటైరయ్యేదాకా తన అనుభవంగా క్లాసులో చెప్పారు, నేను వెనక బెంచీలో కూర్చుని విన్నాను. నేర్పిందీ ఆయనే కాబట్టి ఊరుకున్నాను.

ఇంటికి వెళ్ళి అన్నం కలిపి, అలాగే వదిలేసి లేచాను. నాకు రెండు రకాల భయం. ఒకటి, నేను రాసింది తప్పయి ఆమె కాలు పోతుందని. రెండోది, నేను రాసిందే ఒప్పయి, ఇప్పుడు ఆపించి, ఆ గడ్డ పైకి పాకేలా చేస్తానేమోనని. రెండోదే ఎక్కువ పీకింది. మొదటి తప్పు అందరూ చేసేదే అనిపించుకోవచ్చు. రెండోది మాత్రం నేను కావాలని చేసింది అవుతుంది.

తడి ఫిల్ము

పొద్దున ఏడింటికి శాంతకుమారి వచ్చి రెండోసారి మొదలుపెట్టింది. పోల్చి చూడటానికి నా రక్తం కూడా తీయించి అదే ట్యూబుల్లో పోయించాను. ఫలితం తొమ్మిదింటికి రాదని తెలుసు. ఎనిమిదింటికి చెంగమ్మను చక్రాల కుర్చీలో ఎక్స్‌రేకి తీసుకుపోయి రెండు చేతులూ ఫిల్ము మీద పెట్టించాను. గ్రంథి హుకుం నిజమైతే మొదట చెప్పేవి వేళ్ళ ఎముకలే. కాలికి ఆపరేషన్ పెట్టుకుని చేతులకు ఎక్స్‌రే ఏమిటని అక్కడివాళ్ళు నవ్వారు. అక్కడినుంచే ఆమెను థియేటర్‌కు తీసుకుపోయారు. ఫిల్ము ఆరేదాకా ఆగే వ్యవధి లేదు. నీళ్ళు కారుతున్నదాన్నే కొసలు పట్టుకుని వరండాలో పరిగెత్తాను. చీర కుచ్చిళ్ళన్నీ తడిసిపోయాయి.

సర్జన్ రామచంద్రారెడ్డిగారు అప్పటికే చేతులు కడుక్కుంటున్నారు. మంచి చేయి, నోరు దురుసు.

"ఏందమ్మా ఇది, చాపల మార్కెట్టు అనుకుంటివా? పేషంటును టేబులు మింద పండబెట్టేసినాం."

"సోమవారం నేనిచ్చిన రిపోర్టు వెనక్కి తీసుకుంటున్నాను సార్. ఈ ఫిల్ము చూడండి."

ఆయన చేతులు తుడుచుకుని ఫిల్మును కిటికీ వెలుతురుకు ఎత్తారు. వేళ్ళ ఎముకల అంచులు ఎలుక కొరికినట్టు గరుకుగా, ఒకే పక్కన. గ్రంథి హుకుం గుర్తు అదే.

"ఈ చేతులెవురివి?"

"మీరు కాలు తీయబోతున్నామెవే."

ఆయన ఫిల్మును ఇంకోసారి వెలుతురుకు తిప్పి చూశారు. తర్వాత హౌస్ సర్జన్‌ను పిలిచి, "ఏమప్పా, ఆమెకు రాళ్ళు యాడ పడినాయని రాసినావు?" అన్నారు. అతను "కాలి మీద సార్" అన్నాడు. నేను సున్నపు డబ్బీ మూత తీసి చూపించాను. ఎవరూ నవ్వలేదు.

"దింపండి టేబులు మిందనించి" అన్నారు రామచంద్రారెడ్డిగారు. నాతో ఒక్క మాట కూడా అనకుండా లోపలికి వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఏ ఎముక ముక్క పంపినా, కాల్షియం ఎంతో ఫారం మీద ఆయన చేత్తో ఆయనే రాసి పంపేవారు. ఆయన వైపు నుంచి క్షమాపణ అయినా, మెచ్చుకోలు అయినా అదే.

పదకొండింటికి శాంతకుమారి వచ్చింది. నాది తొమ్మిదిన్నర. చెంగమ్మది పద్నాలుగు. బోరు నీళ్ళ తప్పేమీ లేదు. నేను బాత్‌రూములోకి వెళ్ళి తలుపు వేసుకుని ఏడ్చాను.

చెంగమ్మ అడిగింది

ఆమెను వేలూరు పంపాం. అక్కడ మెడలోంచి ఉసిరికాయంత గ్రంథిని తీశారు. ఎముకను కరిగించే హుకుం ఆగిపోగానే, పోసే కణాలు తీరిగ్గా తమ పని మొదలుపెట్టాయి. నాలుగు నెలలకు ఎక్స్‌రేలో గడ్డ అంచులు గట్టిపడ్డాయి, ఏడాదికి దాదాపు పూడిపోయింది. గడ్డను ఎవరూ ముట్టుకోలేదు.

ఇక నా పని మొదలైంది. జయింట్ సెల్ ట్యూమర్ అని నేను సంతకం పెట్టిన పాత రిపోర్టులన్నీ రిజిస్టరులోంచి ఏరి, ఆ స్లైడ్లు మునిరత్నం చేత తీయించాను. అతను ఒక్కొక్కటే అందిస్తూ, "వద్దులే మేడమ్, అయిపోయిన వాటిని యాల కెలకతారు" అన్నాడు. దాదాపు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కణాలు సమానంగా నాటినట్టున్నాయి. ఒక్కదాంట్లో మాత్రం గుంపులు గుంపులుగా, రక్తం మరకల చుట్టూ ఉన్నాయి. ఫారం మీద 'నడుము నొప్పి, మూత్రంలో మంట' అని కూడా ఉంది. కాల్షియం ఎవరూ చూడలేదు. చిత్తూరులో బట్టలు కుట్టే మనిషి, నలభై ఏళ్ళు. ఫారంలో ఉన్న చిరునామాకు ఉత్తరం రాశాను. అలాంటి మనిషి అక్కడ లేడని తిరిగి వచ్చింది. చిత్తూరు వెళ్ళి రెండు వీధులు అడిగాను. ఎక్కడికి పోయాడో ఎవరూ చెప్పలేదు.

కాబట్టి పిల్లలూ, తినేవాళ్ళు గుంపుగా కనిపించిన స్లైడు మీద కాల్షియం చూడకుండా సంతకం పెట్టకండి. ఫారంలో ఉన్న మాట మీ సొంత భాషలోదే అయినా, వెళ్ళి ఆ మనిషి నోటితో మళ్ళీ వినండి. ఇప్పుడు మీకు మంచి మిషన్లున్నాయి, అవి మాత్రం ఈ పని చేయవు.

ఏడాదిన్నర తర్వాత ఒకరోజు చెంగమ్మా, మునస్వామీ మా గుమ్మంలో నిలబడ్డారు. ఆమె గుండు చేయించుకుని, తలకు గంధం రాసుకుని ఉంది. అలిపిరి నుంచి మెట్లన్నీ ఎక్కి, కొండ మీద మొక్కు తీర్చుకుని, దిగి నేరుగా వచ్చారట. ఆమె చీర కొంచెం పైకెత్తి ఎడమ కాలు చూపించింది. వేలితో నొక్కి చూడమంది. నేను నొక్కాను. గట్టిగా ఉంది.

వెళ్ళబోతూ ఆగి అడిగింది. "అమ్మా, నాకు ముందర ఎవురికన్నా ఇట్లా పొరపాటున కాలు తీసేసినారా?"

మునిరత్నం చేతిలో పని ఆపి నావైపు చూశాడు.

"లేదమ్మా" అన్నాను.

ఆమె తృప్తిగా తలూపి వెళ్ళిపోయింది. ఆమెకు అబద్ధం చెప్పాను. మీకు చెప్పను. కుట్టుమిషన్ తొక్కే మనిషి, కుడి కాలు. ఆపరేషన్ అయిన రోజే అది మా డిపార్ట్‌మెంటుకు వచ్చింది. కొలిచి, కోసి, నేను రాసింది సరిగ్గానే ఉందని మళ్ళీ సంతకం పెట్టింది నేనే. దాన్ని అడగడానికి ఎవరూ రాలేదు.